సముద్రం మీద రాళ్ల కుప్ప

నా భూగోళాన్ని చెప్పుల పక్కన పెట్టించారు.

హనుమకొండ సుబేదారిలో ఒక హాల్లో విజ్ఞాన ప్రదర్శన జరుగుతుంటే, బల్ల మీదున్న దాన్ని ఇద్దరు మనుషులతో ఎత్తించి గుమ్మం బయట దించారు. లోపల జంపఖానాలు పరిచారు కాబట్టి వచ్చినవాళ్లంతా అక్కడే చెప్పులు విడిచారు. సాయంత్రం నేను చూసేసరికి బంగాళాఖాతానికి ఒక హవాయి చెప్పు ఆనుకొని ఉంది. నీలం పట్టీ. ఇన్నేళ్లయినా ఆ పట్టీ రంగు నా కళ్ల ముందు నుంచి పోలేదు.

నేరం ఏమిటంటే రెండు చెప్పారు. నేను చూపించిన విమానం దారి అసలు జరిగే పని కాదట. ఆ దారి మీద నేను గుచ్చిన ఎర్ర గుండుసూది సరిగ్గా నడుమ ఉండాల్సింది, లేదట. మొదటిది తప్పని కాలమే చెప్పింది. రెండోదానికి జవాబు తెచ్చుకోవడానికి నాకు ఏడేళ్లు పట్టింది. ఆ ఏడేళ్లూ నా భూగోళం నేల మీదనే ఉంది.

నేను పుస్తకాలు కుట్టేవాణ్ని. హనుమకొండలో ఒక గ్రంథాలయం వెనుక వరండాలో నా కత్తి, సూది, పుస్తకాలు బిగించే శికంజా, మైదాపిండితో ఉడికించిన లై. లైలో మైలుతుత్తం కలిపితే పురుగు ముట్టదు. నాలుగో తరగతితో నా బడి అయిపోయింది. తర్వాతి చదువంతా ఆ వరండాలోనే. ఏడాది పత్రికలను ఒక్క సంపుటంగా కుట్టాలంటే పేజీల వరుస చూసుకోవాలి. వరుస చూడాలంటే చదవక తప్పదు. నిఘంటువు ఒకటి నేనే కుట్టుకున్నాను, దాన్ని పట్టుకొని ఇంగ్లీషు పత్రికలూ చదివాను. చదువుకున్నవాళ్లు తమకు కావలసినవే చదువుతారు. నేను కుట్టాల్సినవన్నీ చదివాను. తేడా అంతే.

డెబ్బయ్యో దశకం ఆఖర్లో అనుకుంటాను, పేపర్లో నాలుగు వరుసల వార్త వచ్చింది. మద్రాసు నుంచి అండమాన్‌కు నేరుగా, నడిసముద్రం మీదుగా, రెండు ఇంజన్ల జెట్ విమానం నడపాలా వద్దా అని ఆలోచిస్తున్నారని. నడుమ ఒకటే నడవా ఉండి, అటు మూడు ఇటు మూడు కుర్చీలుండే సన్న విమానం. అంతకుముందు విమానాలు రంగూన్‌లో ఆగి పోయేవట. అంటే చీకట్లో గోడ పట్టుకొని నడిచే మనిషిలాగా, నేల పక్కనుంచి నేల పక్కనుంచి పోవడమన్నమాట. ఇప్పుడు గోడ వదిలి నడవాలా అని తూకం వేస్తున్నారు.

నేను సముద్రం చూడలేదు. నేను చూసిన పెద్ద నీళ్లంటే వానలు బాగా పడిన ఏడాది పాకాల చెరువు. అవతలి ఒడ్డు కనపడితే మనసు నిమ్మళించేది. ఒడ్డు లేని నీళ్లు ఎట్లా ఉంటాయో నా ఊహకు అందేది కాదు. అందుకే ఆ నాలుగు వరుసలు నన్ను పట్టుకున్నాయి.

కొన్నాళ్లకు కుట్టడానికి వచ్చిన ఒక ఇంగ్లీషు విమానాల పత్రికలో సంగతి తెలిసింది. రెండు ఇంజన్ల విమానానికి ఒక కట్టుబాటు ఉంది. దారిలో ఎక్కడ ఉన్నా సరే, ఒక ఇంజను ఆగిపోతే, మిగిలిన ఒక్కదాని మీద గంటలోపల ఏదో ఒక విమానాశ్రయం చేరగలగాలి. గంట దాటితే ఆ దారి దానిది కాదు. నాలుగు ఇంజన్ల విమానానికి ఈ బాధ లేదు. కానీ నాలుగు ఇంజన్లది పెద్దది, చిన్న ద్వీపానికి అంతమంది ఎక్కరు, దిగడానికి అంత పొడుగు నేలా కావాలి. చిన్నది పంపితే నిండుతుంది, దిగగలుగుతుంది, కానీ సముద్రం. పెద్దది పంపితే సముద్రం భయం లేదు, కానీ ఖాళీ కుర్చీలు. తెప్పలు, ప్రతి కుర్చీ కింద నీళ్లలో తేలే జాకెట్టు, వాటి బరువు, ఆ బరువు మోయడానికి మళ్లీ నూనె. ఇదంతా ఒక పక్కన పెట్టి, రెండో పక్కన ఆ గంట పెట్టి తూస్తున్నారన్నమాట.

ఆ గంట అనే మాట దగ్గర నేను లై ఎండిపోయేదాకా కూర్చున్నాను. ఎక్కడో ఎవరో కొందరు మనుషులు కూర్చొని, ఒక్క ఇంజను మీద మనిషి ప్రాణాన్ని ఎంతసేపు నమ్మవచ్చు అని అడిగి, గంట అని జవాబు రాశారు. అరగంట కాదు, పూట కాదు.

ఇక ఆ గుండుసూది సంగతి. అది నా బుర్రలో పుట్టింది కాదు. మా బామ్మర్ది జీపులో పుట్టింది.

ఆయన ములుగు నుంచి అడవి లోపలి ఊళ్లకు జీపు నడిపేవాడు. ఒక ఎండాకాలం, లోపలి ఆఫీసులో పాత రిజిస్టర్లు కుట్టాలంటే ఆయన జీపులోనే పోయాను. పదిమందిమి ఇరుక్కొని కూర్చున్నాం. అడవిలోకి చాలా దూరం పోయాక ఒక మలుపులో మా బామ్మర్ది బండి ఆపకుండానే, కాళ్ల దగ్గరున్న రాయి తీసి పక్కకు విసిరాడు. అక్కడ మోకాలెత్తు రాళ్ల కుప్ప. దాని మీద పసుపు, కుంకుమ. నా వెనుక కూర్చున్న ముసలవ్వ చేతులెత్తి మొక్కింది.

"సల్లగ జూడు తల్లీ."

"ఏం దేవతరా?" అన్నాను.

"దేవత లేదు, ఏం లేదు బావా. గది మా డ్రైవర్ల కుప్ప. ఈడికి రాకముందు బండి మొరాయిస్తె ఎనుకకు మలుపుకోవాలె. ఇది దాటినంక మొరాయిస్తె ముందుకే పోవాలె. ఇగ ఎనుకకు చూసుడు లేదు."

"అంటే దారికి సగమన్నట్టు."

"సగమెందుకయితది? సగం ఎప్పుడో పోయింది. ముందటంత వాగులల్ల ఇసుక. టైర్లు దిగవడ్తయి. ఎనుక మంచిగ కంకర రోడ్డు. సగం దాటినా గూడ ఎనుకకు పోవుడే జల్ది. ఏ దిక్కు పోయినా ఒకటే సేపు పట్టే కాడ కుప్ప వేసినం."

ముసలవ్వ ఊరుకోలేదు. "ఓ కొడుకా, తల్లిని పట్టుకొని కుప్పంటానవ్. కండ్లు పోతయి."

"అవ్వా, వానకాలం మీ తల్లి ఈడ ఉండది. ములుగు దిక్కు మైలున్నర జరుగుతది. ఎందుకు జరుగుతదో చెప్పు జర."

"జరగదా మరి? వానకు తడవదా?"

జీపంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "నిజంగనే జరుగుతదా?" అని అడిగాను.

"జరుగుతది బావా. వానకాలం ఎనుక వాగు పొంగుతది, తిరిగి రానియ్యది. ముందట ఇసుక తడిసి గట్టివడ్తది. అప్పుడు ముందుకు పోవుడే నయం. అందుకే ఎండకాలం కుప్ప వేరే, వానకాలం కుప్ప వేరే. జనం రెండిటికీ పసుపు పెడ్తాన్రు. పెట్టనియ్, మాకేం ఫికర్."

ఆయన ఐదో తరగతి తప్పినవాడు. ఆ మాట చెప్పి బీడీ ముట్టించుకున్నాడు. నేను మాత్రం ఆ మలుపు దాటాక చాలాసేపు వెనక్కి తిరిగి చూస్తూ కూర్చున్నాను. దారికి నడుమ మైళ్లు చెప్పేది కాదు, సేపు చెప్పేది. వాగు చెప్పేది, ఇసుక చెప్పేది. మరి సముద్రం మీద వాగు లేదు, ఇసుక లేదు. కానీ గాలి ఉంది. గాలి వెనుక నుంచి తోస్తే ముందుకు పోవడం సులువు, తిరిగి రావడం కష్టం. అప్పుడు కుప్ప బయలుదేరిన ఒడ్డు వైపు జరగాలి. ఎదురుగాలైతే అవతలి ఒడ్డు వైపు. నీళ్ల మీద, ఏ గుర్తూ లేని చోట, కనపడని ఒక కుప్ప గాలితో పాటు అటూ ఇటూ జరుగుతూ ఉంటుంది. దాన్ని దాటే మనిషికి మాత్రం అది ఎక్కడుందో తెలుసు! ఆ అడవిలో, ఆ జీపులో నాకు తోచినంత పెద్ద సంగతి నా జన్మలో మళ్లీ తోచలేదు.

దాన్ని జనానికి చూపించాలనుకున్నాను. చదునైన పటం మీద దారం లాగితే దూరాలు తప్పుతాయి. అది ముందే లాగి చూసి తెలుసుకున్నాను. గుండ్రంగా ఉండాలి, పెద్దగా ఉండాలి. అంగట్లో దొరికే భూగోళం మీద బంగాళాఖాతం బొటనవేలంత. అందుకని మా ఇంట్లో కోళ్లు కమ్మే గంప ఒకటి, మేదరివాళ్ల దగ్గర అదే కొలతతో ఇంకొకటి అల్లించి, రెండింటినీ అంచుకు అంచు కలిపి కుట్టాను. కుట్టు పడిన చోటు భూమధ్యరేఖ. పైన చిత్తు కాగితాలు, లై, మళ్లీ కాగితాలు. సముద్రానికి నీలిమందు, నేలకు ఎర్రమట్టి జాజు. దేశాలన్నీ అట్లాసు గళ్లు చూసి ఒక్కొక్క గడిలోకి దించాను.

మా ఆమె ఊరుకుంటుందా. "ఏమయ్యా, కోళ్లను వాన్లకు ఇడిసిపెట్టి భూమిని కమ్ముతానవా?"

"కమ్ముత లేను, చేస్తాన."

"చేసినోడు ఉండంగ నీకెందుకు మల్ల?" అంది. కానీ దక్షిణ అమెరికా మీద లై ఆరక బుడగ లేస్తే ఆమే గుడ్డతో అద్ది సాపు చేసింది. ఆ ఖండం ఒక్కటే నున్నగా వచ్చింది.

ఆ గోళం మీద మద్రాసుకు అండమాన్‌కు నడుమ బెత్తెడు. ఆ పత్రికలో రాసిన వేగం పట్టుకొని, ఒక్క ఇంజను మీద గంటలో పోయే దూరానికి కుట్టు దారం తెంపి, మద్రాసులో సూది గుచ్చి ఒక వలయం తిప్పాను. ద్వీపంలో గుచ్చి ఇంకొకటి తిప్పాను. రెండు వలయాలూ నడిసముద్రంలో ఒకదాని మీద ఒకటి వడ్లగింజంత మేర ఎక్కాయి. వడ్లగింజంత! అంత సముద్రం దాటడానికి మనిషికి ఉన్న అనుమతి అంతే. ఆ గింజ లేకపోతే దారి లేదు, ఉంది కాబట్టి ఉంది. నేను వంగి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

తర్వాత వానకాలం గాలి మనకు పడమటి దిక్కు నుంచి కదా అని, ఎర్ర గుండుసూదిని నడుమకు కాకుండా మద్రాసు వైపు జరిపి గుచ్చాను.

ప్రదర్శనలో వస్తువులను పరిశీలించడానికి వచ్చినాయన కాలేజీలో లెక్చరర్. చదువు ఉంది, మంచి మాటతీరు ఉంది. నా బల్ల దగ్గర ఆగి, "ఇదేమిటయ్యా, కోళ్ల గంపా?" అన్నాడు.

"రెండు గంపలు సార్."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన దారం మీద వేలు పెట్టాడు. "ఇదేం దారి?"

"మద్రాసు నుంచి అండమాన్‌కు సార్. రెండింజన్ల విమానం పోయే దారి."

"రెండు ఇంజన్ల దాన్ని నడిసముద్రం మీదికి ఎవరు పంపుతారయ్యా? అది జరిగే పని కాదు. తెలియనివి జనానికి చూపించకూడదు. ఈ గుండుసూది?"

"ఆడ ఒక ఇంజను ఆగితే ఎనుకకు వచ్చినా ముందుకు పోయినా ఒకటే సేపు పడ్తది సార్."

ఆయన నా దారం ఊడబీకాడు. రెండుగా మడిచాడు. మళ్లీ గోళం మీద పెట్టి, మడత పడిన చోటుకు, నా సూదికి నడుమ ఉన్న ఎడం అందరికీ చూపించాడు. "దారం రెండుగా మడవడం కూడా రాదా? బైండర్‌వి కదా నువ్వు."

"గాలి ఉంటది సార్. వానకాలం గాలి..."

"గాలి మాటలు చాలు."

ఈసారి నవ్వు ఎక్కువసేపు ఉంది. ఒక బడివాళ్ల థర్మాకోల్ డ్యామ్‌కు చోటు సరిపోవడం లేదని, నా చోటు వాళ్లకు ఇప్పించాడు. అట్లా భూమి చెప్పుల దగ్గరికి పోయింది.

నాకు వచ్చిన కోపం తెలియనివాడు అన్నందుకు కాదు. తెలియనివాణ్నే, నాలుగో తరగతి. నన్ను అడగలేదని కోపం. ఎందుకు జరిపావు అని ఒక్క మాట అడిగి, విని, తప్పంటే నేనే ఎత్తుకుపోయేవాణ్ని. మడిచిన దారం అబద్ధం చెప్పదని ఆయన నమ్మకం. నేను జీవితమంతా దారం మడిచినవాణ్ని. అది ఎంతవరకు నిజం చెబుతుందో, ఎక్కడ నోరు మూసుకుంటుందో నాకు తెలుసు.

గ్రంథాలయాధికారి మంచివాడు. గోళాన్ని గ్రంథాలయంలోనన్నా పెట్టమని అడిగితే, మర్నాడు వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. "కోపం తెచ్చుకోకు మేస్త్రీ. ఆయన చదువుకున్నాయన, నువ్వు కుట్టేవాడివి, నేనెవరి మాట పట్టుకోవాలె చెప్పు? విమానాలు నడిపేవాళ్లు ఎవరన్నా ఆ సూది సరే అని ఒక్క ముక్క రాసిస్తే, రీడింగ్ హాల్లో నడుమ బల్ల మీద నేనే పెట్టిస్త. అప్పటిదాకా ఇంటికి తీస్కపో."

"ఇంటికి తీస్కపోను సార్. నేల మీద దించిన్రు గద, నేల మీదనే ఉంటది. లేస్తే బల్ల మీదికే లేస్తది."

ఆయన నవ్వాడు. గోళాన్ని నా వరండా మూలకు, పాత పేపర్ల పక్కన దించుకున్నాను. మైలుతుత్తం పుణ్యాన పురుగు పట్టలేదు.

ఆ ఏడే బొంబాయిలో ఒక విమాన సంస్థకు మొదటి ఉత్తరం రాశాను. జవాబు లేదు. తర్వాత ప్రతి ఏడూ, వానలు మొదలై గాలి పడమటి నుంచి వీచగానే ఒక ఉత్తరం. నిఘంటువులో బరువైన మాటలన్నీ ఏరి ఏరి రాసేవాణ్ని. ఒక ఏడాది పన్నెండు పేజీలు. గంట కట్టుబాటు గురించి, ఇంజన్ల గురించి, చివరకు గురుత్వాకర్షణ గురించి కూడా. వాళ్లకు తెలిసిన సంగతులే వాళ్లకు బోధించానని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం జవాబు రాకపోతే వాళ్లనూ ఆ లెక్చరర్ గుంపులోనే వేసి తిట్టుకున్నాను.

నడుమ ఒకసారి పేపర్లో చదివాను, అండమాన్‌కు ఆ సన్న విమానం నేరుగా పోవడం మొదలైందని. పరుగున పోయి గ్రంథాలయాధికారికి చూపించాను. ఆయన చదివి, "విమానం పోయింది మేస్త్రీ, ఒప్పుకుంట. మరి నీ సూది సంగతి అందుల రాయలేదు గద," అన్నాడు. నిజమే. సూది సంగతి పేపర్లో ఎవరు రాస్తారు?

ఎనభయ్యో దశకం నడిమి కాలంలో ఇంకో వార్త. రెండు ఇంజన్ల విమానాలకు గంట కాదు, ఇక రెండు గంటలు అని ఒప్పుకుంటున్నారట. ఇంజన్లు అంత నమ్మకంగా తయారయ్యాయట. పెద్ద సముద్రాల మీదికి రెండు ఇంజన్లవి పోతున్నాయి. వాటి వెనుకే, ఒకే నడవా ఉన్న సన్నవాటిని కూడా అంత దూరం పంపితే గిట్టుబాటవుతుందా, అంతసేపు జనం ఆ ఇరుకులో కూర్చుంటారా, అని కంపెనీలు తూకం వేస్తున్నాయి. ఆ రోజు పని పక్కన పెట్టి నేల మీద గోళం ముందు కూర్చున్నాను. దారం రెండింతలు తెంపి, ఉత్తర అట్లాంటిక్ చుట్టూ ఒడ్డుల్లో, చలి ద్వీపాల్లో సూదులు గుచ్చి వలయాలు తిప్పాను. గంట దారంతో తిప్పినప్పుడు నడుమ ఉత్త ఖాళీ ఉండేది. మనిషి అడుగు పెట్టకూడని నీళ్లు. రెండు గంటల దారంతో ఆ ఖాళీ పోయింది. వలయం మీద వలయం ఎక్కి సముద్రమంతా కప్పుకుపోయింది. నీళ్లు ఒక్క చుక్క తగ్గలేదు, ఒడ్డు ఒక్క అడుగు దగ్గరికి రాలేదు. మనిషి నమ్మకం ఒక గంట పెరిగింది, అంత సముద్రం మాయమైంది. చెమ్మగిల్లిన కళ్లు తుడుచుకొని మళ్లీ చూశాను, నిజమే.

ఆ సమయంలోనే మా బామ్మర్ది వచ్చాడు. జీపు అమ్మేసి లారీ నడుపుతున్న రోజులు. నేను ఆ ఏటి ఉత్తరం రాస్తున్నాను. ఏడోది.

"ఇంక జవాబు రాలేదా బావా?"

"రాలేదు. ఈసారి గాలి పీడనం గురించి రాస్తాన."

"నువ్వు వాళ్లకు పాఠం చెప్తానవ్ బావా. పాఠం చెప్పేటోనికి జవాబు ఎవడిస్తడు? అడిగేటోనికి ఇస్తరు. నా కుప్ప సంగతి రాసినవా ఎన్నడన్న?"

కలం కింద పెట్టాను. ఆరు ఉత్తరాల్లో కుప్ప సంగతి ఒక్క ముక్క లేదు. అడవి, జీపు, ముసలవ్వ ఇవన్నీ రాస్తే చులకనవుతానని దాచుకున్నాను. ఆలోచన ఎవరిదో దాచి, నాదే అన్నట్టు పన్నెండు పేజీలు రాశాను. లెక్చరర్ నన్ను అడగలేదని ఏడేళ్లు మండిపడ్డవాణ్ని, నేను చేసింది అంతకన్నా గొప్ప పనేమీ కాదు.

ఆ కాగితాలు చింపి, అర పేజీ రాశాను. మా బామ్మర్ది జీపు నడిపేవాడని, ఎండకాలానికి ఒక కుప్ప, వానకాలానికి ఒక కుప్ప అని, ముసలవ్వ మాట కూడా. సముద్రం మీద అట్లా వానకాలం గుర్తును మద్రాసు వైపు జరిపినందుకు నా భూగోళాన్ని చెప్పుల దగ్గర పెట్టారు, ఇప్పటికీ నేల మీదనే ఉంది, నేను చేసింది తప్పా అని. ఒక అట్ట ముక్క మీద దారం కుట్టి, ముడివేసి నా గుర్తు ఎక్కడో చూపించి, దాంతో పాటు పంపాను.

వానలు వెనుకపట్టాక బొంబాయి నుంచి జవాబు వచ్చింది. కవరు నేను కత్తితో కోశాను, పుస్తకం అంచు కోసినంత జాగ్రత్తగా. చదివి, గ్రంథాలయాధికారికి ఇచ్చాను. ఆయన నిలబడి ఒకసారి, కూర్చొని ఒకసారి చదివాడు. చప్రాసీని పిలిచి, "పట్టుకో ఒక దిక్కు," అని రెండో దిక్కు తానే పట్టుకున్నాడు. రీడింగ్ హాల్లో నడుమ బల్ల మీది పత్రికలు జరిపి గోళాన్ని పెట్టాడు. ఎర్ర సూదిని నేను జర సవరించాను. దారి నడుమకు అవతలి వైపు పచ్చది ఇంకొకటి గుచ్చాను.

ఆ లెక్చరర్ అప్పటికి రిటైరయ్యాడు. రోజూ పొద్దున పేపర్ కోసం ఆ హాలుకే వచ్చేవాడు. బల్ల దగ్గర ఆగి, కళ్లద్దాలు సవరించుకొని, "ఇదివరకు ఒకటే కదయ్యా ఉండేది. రెండోది ఎందుకు?" అన్నాడు.

ఏడేళ్ల తర్వాత అడిగాడు. ఎందుకు అని అడిగాడు. ఉత్తరం చేతికిచ్చాను. ఆయన పేపర్ పక్కన పెట్టి, వేలు వరుస కింద పెట్టుకొని, పిల్లవాడిలా నెమ్మదిగా చదివాడు.

"దారం మడవడం రాదా అన్నది నేనేనా?"

"మీరే సార్."

ఆయన తలూపి, మళ్లీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఆ ఉత్తరం నా దగ్గర ఇప్పటికీ ఉంది. దాన్ని అట్ట వేసి కుట్టుకున్నాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నాకు వచ్చిన తెలుగులో పెడుతున్నాను:

"అయ్యా, మీ ఉత్తరం మా గదిలో రెండు నెలలు ఉండిపోయింది. జవాబు తెలియక కాదు, చదివిన ప్రతివాడూ పక్కవాడి చేతికి ఇస్తూ పోయాడు. ఆలస్యానికి మన్నించండి. ఇంతకుముందు మీరు రాసినవి కూడా దొరికాయి. వాటికి జవాబు ఇవ్వకపోవడం మా తప్పు.

గుర్తు దారికి నడుమ ఉండనక్కర్లేదు. గాలి బొత్తిగా లేని రోజున మాత్రమే అది నడుమ ఉంటుంది. నా ఉద్యోగంలో అటువంటి రోజు నేను చూడలేదు. వానకాలంలో మీరు దాన్ని మద్రాసు వైపు జరిపారు. ఇంజను ఆగినప్పటి లెక్కకు అది సరైన వైపే. కానీ మీ అట్ట మీద ఉన్నంత దూరం కాదు. మీరు మీ ఊరి చెట్లను ఊపే గాలిని లెక్కలోకి తీసుకున్నట్టున్నారు. ఒక ఇంజను ఆగితే విమానం ఎత్తు తగ్గుతుంది గాని అంత కిందికి రాదు. అక్కడ అదే పడమటి గాలి నెమ్మదించి ఉంటుంది.

ఇంకా పైన, రెండు ఇంజన్లతో మామూలుగా పోయే ఎత్తులో, ఆ నెలల్లో గాలి తూర్పు నుంచి వీస్తుంది. మీ నేల మీద గాలికి పూర్తిగా ఎదురు. ప్రయాణికుల్లో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చి తొందరగా దించాల్సి వస్తే ఆ ఎత్తులోనే పోతాం. ఆ లెక్కకు గుర్తు ద్వీపం వైపు జరుగుతుంది. కాబట్టి మీ బామ్మర్దిగారికి ఏడాదికి రెండు కుప్పలు ఉంటే, మాకు ఒకే రోజున, ఒకే దారిలో రెండు. గాలి కబురు వచ్చిన ప్రతిసారీ వాటిని మళ్లీ జరుపుతాం. విసరడానికి మాకు రాళ్లు లేవు. కాగితం మీద పెన్సిల్ గీత, పక్కన నిమిషాలు. కిందికి చూస్తే నీళ్లు తప్ప ఏమీ ఉండదు. అయినా దాన్ని దాటేటప్పుడు ముందు కూర్చున్న ఇద్దరూ ఒకరికొకరు పైకి చెప్పుకుంటారు. ఆయనకు మా నమస్కారాలు చెప్పండి.

మీ భూగోళాన్ని నేల మీది నుంచి తీయించండి. రెండో సూది గుచ్చడం మాత్రం మరవకండి."